మార్ఫిన్ మీద వచ్చిన పరిశోధనను రోగులకు తెలుగులో చెప్పండి: విశాఖ వైద్యులకు, ఔషధ నియంత్రణ అధికారులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలో క్యాన్సర్‌కు, తీవ్రమైన నొప్పికి చికిత్స చేస్తున్న వైద్యులకు, ఆంధ్రా వైద్య కళాశాల ఫార్మకాలజీ అధ్యాపకులకు, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులకు నమస్కారాలు.

ఫార్మసీ కళాశాలలో చాలాకాలం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు మంచం పట్టిన రోగుల ఇళ్లకు వెళ్లి మందుల వేళలు రాసిపెట్టే ఒక చిన్న బృందంతో కలిసి తిరుగుతున్నాను. రోగం నయం చేయడం మా చేతుల్లో లేదు. మీరు రాసిన మందు సరిగ్గా పడుతోందా, నొప్పి తగ్గుతోందా, మలబద్ధకానికి మందు వేస్తున్నారా అని చూడడం వరకే మా పని. అందుకే మీ గదిలో వినిపించని మాటలు మాకు వినిపిస్తాయి.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే, నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ గురించి కొంతకాలంగా చాలా ఇళ్లలో ఒకే మాట వింటున్నాం. "మార్ఫిన్ వేస్తే ఒంట్లో రక్తప్రసరణ పెరుగుతుందట. గడ్డకు రక్తం ఎక్కువగా అంది క్యాన్సర్ తొందరగా పాకుతుందట. అమెరికాలో పరిశోధన చేసి తేల్చారట." ఇది ఫోన్లలో తిరుగుతున్న సందేశం. గాజువాక వైపు ఒక ఇంట్లో, రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిన ఒక తల్లికి కొడుకు ఆ సందేశం చదివి మాత్రలు ఆపేశాడు. ఉన్నట్టుండి ఆపడంతో నొప్పికి తోడు వణుకు, చెమటలు, వాంతులు మొదలయ్యాయి. మేం వెళ్లేసరికి ఆమె పక్క మీద ఒత్తిగిలే స్థితిలో కూడా లేదు. ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. తల్లిని బతికించుకోవాలనే ఆశతోనే ఆపాడు. అతను చదివిన ఆ సందేశం తప్ప మార్ఫిన్ గురించి తెలుగులో అతనికి ఎవరూ ఇంకేమీ చెప్పలేదు.

"అదంతా పుకారు, నమ్మకండి" అని కొట్టిపారేస్తే సరిపోదని నాకు తెలుసు. ఎందుకంటే ఆ సందేశం పూర్తిగా అబద్ధం కాదు. దానికి ఆధారమైన పరిశోధన నిజంగానే జరిగింది. ఆ పత్రాలు తెప్పించుకుని చదివాను. ఒక్క పత్రాన్ని ముక్కలు చేసి, మిగిలిన పత్రాలను దాచిపెట్టి జనానికి అందించారు. కాబట్టి ఉన్నదున్నట్టు మొత్తం చెప్పడమే దీనికి మందు. ఆ పని మీరు చేస్తే జనం నమ్ముతారు. నేను చెబితే "ఈయనెవరు" అంటారు.

ముందుగా, రెండు వేర్వేరు సంగతులను ఆ సందేశం కలిపేసింది.

మొదటిది, ఉన్న రక్తనాళాలు వెడల్పవడం. మార్ఫిన్ ఇచ్చిన కాసేపటికి కొందరికి ముఖం ఎర్రబడి వెచ్చగా అనిపిస్తుంది, దురద పుడుతుంది, గబుక్కున లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. మన చర్మంలో ఉండే మాస్ట్ కణాల నుంచి మార్ఫిన్ హిస్టమిన్‌ను విడుదల చేయిస్తుంది. హిస్టమిన్ తగిలితే చిన్న రక్తనాళాలు సడలుతాయి. సూది మందును నరంలోకి వేగంగా ఎక్కిస్తే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఫెంటానిల్ అనే మరో బలమైన నొప్పి మందుతో ఈ ఇబ్బంది దాదాపు ఉండదు. రక్తనాళాల లోపలి పొరలోని కణాలను మార్ఫిన్ తాకినప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ వెలువడుతుందని, అది నాళాన్ని సడలిస్తుందని 1995లో జార్జ్ స్టెఫానో బృందం చూపించింది. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలకు సంకేతంగా పనిచేస్తుందని కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారికి ఒకప్పుడు మార్ఫిన్ ఇచ్చేవారు. సిరలు సడలి, గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి, గుండె మీద బరువు తేలికవుతుందన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. 2021 నాటి ఐరోపా మార్గదర్శకాలు దాన్ని అందరికీ అలవాటుగా ఇవ్వవద్దన్నాయి. ఏమైనా ఈ మార్పు కొన్ని గంటలది. మందు దిగిపోగానే నాళాలు యథాస్థితికి వస్తాయి. గడ్డ పెరగడానికి దీనితో ముడిపెట్టనక్కరలేదు.

రెండోది, కొత్త రక్తనాళాలు పుట్టడం. సందేశం భయపెట్టింది దీని పేరు చెప్పే. గడ్డ కొద్ది మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే తనకంటూ రక్తనాళాలు మొలిపించుకోవాలని అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. తర్వాత ఆ దారిలోనే బెవాసిజుమాబ్ వంటి మందులు వచ్చాయి. 2004లో అమెరికా దాన్ని అనుమతించింది, మన ఆసుపత్రుల్లోనూ వాడుతున్నారు. గడ్డకు రక్తనాళాలు అందకుండా ఒక మందు ఇస్తూ, అవే నాళాలను మొలిపించే ఇంకో మందు ఇస్తున్నామా అన్న ప్రశ్న వేయడంలో తప్పేమీ లేదు. నిజానికి అది చాలా మంచి ప్రశ్న.

2002లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కల్పనా గుప్తా బృందం ఆ ప్రశ్నే వేసింది. మనిషి చర్మంలోని సూక్ష్మ రక్తనాళాల కణాలను గాజు పాత్రలో పెంచి, వైద్యంలో వాడే మోతాదుకు దగ్గరగా మార్ఫిన్ ఇచ్చారు. కణాలు ఎక్కువగా విభజన చెందాయి, నాళాలు ఏర్పడ్డాయి. మనుషుల రొమ్ము క్యాన్సర్ కణాలను ఎలుకలలో పెట్టి మార్ఫిన్ ఇస్తే గడ్డలో రక్తనాళాలు పెరిగాయి, గడ్డ కూడా పెరిగింది. ఇదే బృందం 2014లో రొమ్ము క్యాన్సర్ వచ్చేలా జన్యువులు మార్చిన ఎలుకల మీద మరో ప్రయోగం చేసింది. గడ్డ పుట్టడంలో మార్ఫిన్ వల్ల తేడా రాలేదు. పుట్టిన గడ్డ మాత్రం ఎక్కువగా పెరిగింది, ఎలుకలు తక్కువ కాలం బతికాయి. ఈ రెండు సంగతులనూ మనం దాచకూడదు. దాచినట్టు తెలిస్తే ఆ తర్వాత మనం చెప్పే ఏ మాటనూ ఎవరూ నమ్మరు.

అయితే మిగిలిన సగం కూడా చెప్పాలి. అదే మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో లిసా కూడీ, రామకృష్ణన్, సబితా రాయ్ 2010లో ప్రచురించిన పరిశోధన దీనికి సరిగ్గా ఎదురు ఫలితం చూపింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు పెట్టిన ఎలుకలకు నొప్పి తగ్గించే మోతాదులో మార్ఫిన్‌ను చాలా రోజులు ఇస్తే గడ్డలో కొత్త రక్తనాళాలు తగ్గాయి, గడ్డ పెరుగుదల కూడా తగ్గింది. అంతకుముందే, 1993లో, గేల్ పేజ్, బెన్-ఎలియాహు తదితరులు మరో సంగతి గమనించారు. శస్త్రచికిత్స చేసిన ఎలుకలలో క్యాన్సర్ కణాలు ఊపిరితిత్తులకు ఎక్కువగా పట్టుకుంటున్నాయి. మార్ఫిన్ ఇచ్చి నొప్పి తగ్గిస్తే ఆ పట్టు తగ్గింది. నొప్పిని అలా వదిలేయడం కూడా శరీరానికి ఒక దెబ్బే అని ఆ ప్రయోగం చెబుతోంది. గాజువాక ఇంట్లో నొప్పితో రాత్రంతా మూలిగిన ఆమె శరీరంలో ఏం జరిగి ఉంటుందో ఆ సందేశం రాసినవారు ఆలోచించలేదు.

ఒకే మందు ఒక ఎలుకలో నాళాలను పెంచి, మరో ఎలుకలో తగ్గించడం ఎలా కుదురుతుందని అడుగుతారు. గడ్డ రకం వేరు, ఎలుక జాతి వేరు, మోతాదు వేరు, ఇచ్చిన కాలం వేరు. ఆక్సిజన్ అందని చోట కణాలు "రక్తం కావాలి" అని పంపే సంకేతాలను మార్ఫిన్ ఒక పరిస్థితిలో అణచగలదు, ఇంకో పరిస్థితిలో నాళాల కణాలను నేరుగా రెచ్చగొట్టగలదు. శాస్త్రంలో ఇలాంటి పేచీలు మామూలే. తేలాలంటే మనుషుల్లో చూడాలి.

మనుషుల్లో కూడా కొంత చూశారు. 2019లో డేనియల్ సెస్లర్ బృందం లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద పరీక్ష ఫలితాలు ప్రచురించింది. 8 దేశాలలో 13 ఆసుపత్రులు పాల్గొన్నాయి. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకున్న 2,108 మంది మహిళలను చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు వెన్ను పక్కన మత్తు ఇచ్చి ఓపియాయిడ్ల, అంటే మార్ఫిన్ జాతి నొప్పి మందుల, అవసరం తగ్గించారు. రెండో గుంపుకు మామూలుగా వాయువుతో మత్తు ఇచ్చి, నొప్పికి ఓపియాయిడ్లు వాడారు. క్యాన్సర్ తిరగబెట్టింది మొదటి గుంపులో 1,043 మందిలో 102 మందికి, రెండో గుంపులో 1,065 మందిలో 111 మందికి. రెండూ దాదాపు 10 శాతమే. దానికి ముందు పాత రోగుల రికార్డులు తిరగేసి చేసిన ఒక చిన్న అధ్యయనం చూసి పెద్ద తేడా ఉంటుందని ఆశపడినవారు ఉన్నారు. సరైన పద్ధతిలో పరీక్షిస్తే ఆ తేడా కనిపించలేదు. ఈ పరీక్ష శస్త్రచికిత్స రోజున ఇచ్చే మందుల గురించి చేసినది. ఇంట్లో నెలల తరబడి మాత్రలు వేసుకునేవారి గురించి ఇది నేరుగా తీర్పు చెప్పదు. ఆ సంగతి కూడా రోగులకు చెప్పండి. ఎలుకల పరిశోధనలన్నీ తెలిసిన తర్వాతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో క్యాన్సర్ నొప్పి మార్గదర్శకాలను కొత్తగా రాసింది. అందులో ఓపియాయిడ్లకు చోటు అలాగే ఉంది.

ఈ పరిశోధన నుంచి బయటికొచ్చిన ఇంకో కొమ్మ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు అది ఎంతో ఆసక్తిగా అనిపించింది. కొత్త నాళాలు మొలవడం గడ్డలో చెడు చేస్తుందనుకుంటే, రక్తం అందక మానని పుండులో మేలు చేయాలి కదా! గుప్తా బృందమే 2005లో రక్తప్రసరణ తగ్గించిన ఎలుకల పుండ్ల మీద ఓపియాయిడ్ల లేపనం రాసి చూసింది. పుండ్లు తొందరగా మానాయి. మధుమేహం వల్ల కాలి పుండ్లు మానక వేళ్లు, పాదాలు పోగొట్టుకునేవారు మన నగరంలో ఎంతమందో మీకు నాకంటే బాగా తెలుసు. ఎలుకలో జరిగినది మనిషిలో జరుగుతుందని నేను అనడం లేదు. ఎవరూ ఇంట్లో మాత్ర పొడిచేసి పుండు మీద చల్లకూడదు. కానీ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వంటి పెద్దాసుపత్రి, దాని పక్కనే 1923 నుంచి నడుస్తున్న వైద్య కళాశాల ఉన్న ఊరిలో ఇలాంటి ప్రశ్నను ఒక పీజీ విద్యార్థి తన సిద్ధాంత గ్రంథానికి ఎందుకు తీసుకోకూడదు? నైతిక కమిటీ అనుమతితో, జాగ్రత్తగా. ఫార్మకాలజీ అధ్యాపకులను ఇది ప్రత్యేకంగా అడుగుతున్నాను.

పరిశోధన మాట వదిలి ఇళ్లలో పరిస్థితికి వస్తాను.

మన ప్రాంతంలో మార్ఫిన్ మీద భయానికి ఇంకో మూలం ఉంది. పాడేరు, చింతపల్లి ఘాట్ల మీద గంజాయి తనిఖీలు చూస్తూ పెరిగిన జనం మనం. ఏజెన్సీ నుంచి దిగే ప్రతి బస్సునూ ఆపి సంచులు వెతకడం మామూలు దృశ్యం. అటువంటి చోట "మత్తు పదార్థాల చట్టం కిందికి వచ్చే మందు" అని ఎవరైనా అంటే చాలు, రోగి వెనక్కి తగ్గుతాడు, మందుల దుకాణంవాడు చేతులెత్తేస్తాడు. కొన్నిచోట్ల వైద్యులు కూడా మార్ఫిన్ కంటే బలం తక్కువైన ట్రమడాల్ దగ్గరే ఆగిపోతున్నారు. ఆ ట్రమడాల్ కూడా 2018 నుంచి అదే చట్టం పరిధిలో ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. నల్లమందు అలవాటు పడి చితికిపోయిన తాతల కథలు విన్న పెద్దవాళ్లు ఇంకా ఇళ్లలో ఉన్నారు. ఆ భయం వట్టిది కాదు. అమెరికాలో ఓపియాయిడ్లను లెక్కలేకుండా రాసి ఎన్ని ప్రాణాలు తీశారో చూశాం. అక్కడ అతిగా వాడారు. మన దగ్గర అసలు అందడం లేదు. ఉపశమన చికిత్స మీద లాన్సెట్ కమిషన్ 2017లో వేసిన లెక్క ప్రకారం నొప్పికి కావలసిన ఓపియాయిడ్లలో అప్పటికి భారతదేశానికి దక్కుతున్నది 4 శాతమే. నల్లమందును చట్టబద్ధంగా పండించి, ఘాజీపూర్‌లో, నీమచ్‌లో ప్రభుత్వమే శుద్ధి చేసే దేశం మనది. మార్ఫిన్ చవకైన మందు. అయినా మన రోగికి అందదు.

1985 నాటి చట్టంతో వచ్చిన చిక్కులను 2014లో పార్లమెంటు సవరించింది. దాని కింద కేంద్ర ప్రభుత్వం మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్ తదితర ఆరు మందులను అత్యావశ్యక మాదక ఔషధాలుగా వేరుచేసింది. గుర్తింపు పొందిన వైద్య సంస్థ అయితే నాలుగైదు శాఖల చుట్టూ తిరగకుండా రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి అనుమతితో వాటిని తెప్పించుకుని రోగికి ఇవ్వవచ్చు. చట్టం తలుపు తీసి పదేళ్లు దాటింది. ఆ తలుపులోంచి నడిచి వెళ్లాల్సింది ఆసుపత్రులు, నడవమని చెప్పాల్సింది అధికారులు. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మనకు పెద్ద అండ. శ్రీకాకుళం, విజయనగరం, అల్లూరి జిల్లా, అటు ఒడిశాలోని కొరాపుట్ నుంచి కూడా రోగులు విశాఖకే వస్తారు. కానీ చికిత్స ముగిసి ఇంటికి పంపాక ఆ మనిషి నొప్పి అతని ఊళ్లోనే ఉంటుంది. పాడేరు అవతల కొండ మీది పల్లె నుంచి మాత్రల చీటీ పట్టుకుని కొడుకో అల్లుడో నగరానికి రావాలంటే రెండు రోజుల కూలి పోతుంది. అందుకే మధ్యలో ఆపేస్తారు. అప్పుడే ఫోనులో ఆ సందేశం వస్తుంది. ఆపడానికి ఒక కారణం దొరికినట్టవుతుంది.

ఏజెన్సీ అన్నాను కాబట్టి సికిల్ సెల్ పిల్లల సంగతి కూడా. అరకు, పాడేరు వైపు గిరిజన కుటుంబాలలో ఈ వ్యాధి ఉందని మీకు తెలుసు. కొడవలిలా వంగిన ఎర్ర కణాలు చిన్న నాళాలలో ఇరుక్కుని రక్తాన్ని ఆపేస్తాయి. రక్తం అందని ఎముక, కండరం పెట్టే నొప్పి క్యాన్సర్ నొప్పికి తీసిపోదు. తీవ్రమైన నొప్పి వచ్చినప్పుడు మార్ఫిన్ వంటి మందు సత్వరం ఇవ్వాలన్నది చాలా దేశాలలో పాటించే పద్ధతి. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టాక పరీక్షలు జోరుగా చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు. నొప్పితో మెలికలు తిరిగే పిల్లవాడికి ఆ కార్డు ఏం చేస్తుంది? ఏజెన్సీ ఆసుపత్రులలో పారాసిటమాల్, డైక్లోఫెనాక్ దాటి ఏముందో అధికారులు స్వయంగా వెళ్లి చూడాలని కోరుతున్నాను.

వైద్యులకు నా విన్నపం. మార్ఫిన్ రాసిన రోజున ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడండి. రద్దీ నాకు తెలుసు. మీరు మాట్లాడలేకపోతే నర్సుకు నేర్పి ఆ పని అప్పగించండి. మొదటి కొద్ది రోజులు వికారం, మగత ఉండవచ్చని, తగ్గుతాయని చెప్పండి. మలబద్ధకం మాత్రం తగ్గదు కాబట్టి దానికి మందు మొదటి రోజు నుంచే వేయాలని చెప్పండి. దురద పుడితే, ముఖం వెచ్చబడితే కంగారు పడవద్దని, కళ్లు తిరిగితే నెమ్మదిగా లేవమని చెప్పండి. కిడ్నీలు దెబ్బతిన్నవారికి మోతాదు మార్చాల్సి వస్తుంది కాబట్టి మూత్రం తగ్గితే వెంటనే తెలపాలని గట్టిగా చెప్పండి. మాత్రలను పిల్లలకు అందకుండా, తాళం వేసి పెట్టమనండి. ఎవరికీ పంచవద్దనండి. ఆపాలనుకుంటే మిమ్మల్ని అడిగి మెల్లగా తగ్గించమనండి. క్యాన్సర్ పెరుగుతుందా అని అడిగితే విసుక్కోకండి. ఆ ప్రశ్న అడిగినవాడు తన మనిషి గురించి జాగ్రత్తగా ఉన్నాడని అర్థం. పైన నేను రాసిన పరిశోధనలను, అనుకూలమైనవీ ప్రతికూలమైనవీ కలిపి, మీ మాటల్లో చెప్పండి. ఎలుకల ఫలితాలు రెండు వైపులా ఉన్నాయని, మనుషుల్లో శస్త్రచికిత్స మీద జరిగిన పెద్ద పరీక్షలో తేడా కనిపించలేదని, ఈ నొప్పి మాత్రం ఈ రోజు కళ్లముందు ఉందని చెప్పండి. విన్నాక కూడా వద్దంటే అది వాళ్ల నిర్ణయం. తెలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది.

ఔషధ నియంత్రణ అధికారులకు. గుర్తింపు పొందిన వైద్య సంస్థల జాబితాను విశాఖ, అనకాపల్లి, అల్లూరి, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వారీగా తెలుగులో ప్రకటించండి. ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో, ఏ వేళల్లో మార్ఫిన్ మాత్రలు దొరుకుతాయో రోగి బంధువుకు ముందే తెలియాలి. పాడేరు, అరకు ప్రభుత్వ ఆసుపత్రులకు ఆ గుర్తింపు లేకపోతే ఇప్పించండి, ఉంటే నిల్వ ఉండేలా చూడండి. తనిఖీ సిబ్బందికి, వైద్యుడి చీటీతో మాత్రలు తీసుకెళ్లే రోగిని ఇబ్బంది పెట్టకూడదని రాతపూర్వకంగా తెలపండి.

రోగులకు ఇవ్వడానికి ఒక కాగితం ముసాయిదా రాసి పెట్టాను. ఒక పేజీ, రెండు వైపులా, పెద్ద అక్షరాలతో. మొదటి వైపు మాత్ర ఎలా వేసుకోవాలో, రెండో వైపు రక్తనాళాల గురించి పరిశోధనలు ఏం చెప్పాయో ఉంది. దాన్ని వైద్య కళాశాల ఫార్మకాలజీ విభాగానికి, నగరంలోని క్యాన్సర్ ఆసుపత్రులకు విడిగా పంపుతున్నాను. ఎక్కడ తప్పుంటే అక్కడ కొట్టేసి, దిద్ది, మీ సంతకంతో ముద్రించండి. నా పేరు అందులో ఉండాల్సిన అవసరం లేదు. కువి, కొండదొర, ఒడియా మాట్లాడేవారి కోసం చదివి వినిపించే ఏర్పాటు కూడా ఉంటే బాగుంటుంది. అందుకు మా బృందం నుంచి మనుషులను పంపడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
మంచం పట్టిన రోగుల ఇళ్లకు వెళ్లే ఒక విశ్రాంత ఫార్మసీ ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం